మైనస్ 78 దాటినా గడ్డకట్టని యాసిడ్ చుక్కలు: ధ్రువాల మీది మేఘాల గురించి ఒక సందేహం

అహేరి_కుర్రోడు
అందరికీ నమస్తే. నేను బీఎస్సీ రెండో ఏడు. ఓజోన్ గురించి మా పుస్తకంలో ఒకటిన్నర పేజీ ఉంది. అందులో "ధ్రువ ప్రాంతపు స్ట్రాటోస్ఫియర్ మేఘాల మీద క్లోరిన్ చర్యలు జరుగుతాయి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ మేఘాల్లో చాలావరకు ఉత్త నీళ్లు కావని, నైట్రిక్ యాసిడ్, నీరు కలిసి గడ్డకట్టిన కణాలని ఇంకోచోట చదివా. అక్కడే బుర్ర ఆగిపోయింది. స్వచ్ఛమైన నైట్రిక్ యాసిడ్ మైనస్ 42 దగ్గర గడ్డకడుతుంది, నీళ్లు సున్నాకే. మరి రెండూ కలిసినప్పుడు మైనస్ 78 దాకా ఎందుకు ఆగాలి? అసలు స్ట్రాటోస్ఫియర్ అంటే వాన మేఘాలకి పైనున్న గాలి పొర, అంత ఎత్తుకి యాసిడ్ ఎలా చేరింది? మన చంద్రపూర్ థర్మల్ లాంటి పొగగొట్టాల నుంచేనా? క్లాసులో అడిగితే పరీక్షకి రాదు వదిలెయ్ అన్నారు.

బల్లార్షా_రైలు
ఇక్కడ మేం 46, 47 డిగ్రీల్లో మాడిపోతుంటే నీకు మైనస్ 78 బెంగ. కానియ్ తమ్ముడూ, చదువుతుంటేనైనా కాస్త చల్లబడతామేమో.

సిరొంచ_మాస్టారు
నాయనా, నీ ప్రశ్నలో రెండు ముడులున్నాయి. విడివిడిగా విప్పుదాం.

ముందు యాసిడ్ ఎక్కడిదో చూద్దాం. పొగగొట్టాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు కింది గాలిలోనే నైట్రిక్ యాసిడ్‌గా మారి, కొద్ది రోజుల్లోనే వానతోపాటు నేలకు దిగిపోతాయి. 20 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లే ఓపిక వాటికి లేదు. పైకి చేరేది నైట్రస్ ఆక్సైడ్. ఆపరేషన్ థియేటర్లో మత్తుకి వాడతారే, అదే. నేలలోని బాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది. అది నీటిలో కడుక్కుపోదు, కింది గాలిలో దేనితోనూ కలవదు. వందేళ్లకు పైగా గాలిలో బతికి మెల్లగా స్ట్రాటోస్ఫియర్‌కి చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాల దెబ్బకి చాలా భాగం మామూలు నైట్రోజన్‌గా విడిపోతుంది. మిగిలిన కొద్ది భాగం చురుకైన ఆక్సిజన్ పరమాణువుతో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్‌గా, చివరికి నైట్రిక్ యాసిడ్‌గా మారుతుంది. ధ్రువాల దగ్గర నెలల తరబడి చీకటి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ విడగొట్టే వెలుతురు ఉండదు. అందుకే శీతాకాలంలో అక్కడ నైట్రిక్ యాసిడ్ పేరుకుంటుంది. పేరుకుంటుంది అన్నానని బిందెల లెక్క వేసుకోకు. వంద కోట్ల గాలి అణువుల్లో పది దాకా, అంతే. నీటి ఆవిరి కూడా పది లక్షల్లో ఐదు అణువులే.

ఇక రెండో ముడి. నువ్వు చెప్పిన మైనస్ 42, సున్నా అనేవి సీసాలో పోసి ఉన్న ద్రవం గడ్డకట్టే లెక్కలు. అక్కడ సీసా లేదు, ద్రవమూ లేదు. ఉన్నది పలచటి ఆవిరి. గాలి పీడనం కూడా మన దగ్గరి దాంట్లో ఇరవయ్యో వంతు. ఆవిరి అంత పలచగా ఉన్నప్పుడు అది ఘనరూపంలో నిలబడాలంటే చలి చాలా ఎక్కువ కావాలి. కాస్త వేడెక్కినా కణంలోంచి లేచిపోయే అణువులు, వచ్చి చేరే అణువుల కంటే ఎక్కువవుతాయి. నైట్రిక్ యాసిడ్, నీరు కలిసిన స్ఫటికానికి ఆ తూకం సరిపోయేది 20 కిలోమీటర్ల ఎత్తులో సుమారు మైనస్ 78 దగ్గర. ఉత్త నీటి మంచుకైతే ఇంకో ఏడు డిగ్రీలు దిగి మైనస్ 85 దాకా రావాలి. అంటే యాసిడ్ తోడుంటే మంచు కంటే ముందే గడ్డకట్టే వీలు దొరుకుతుంది. నువ్వు "ఎందుకు అంత ఆలస్యం" అని అడిగావు. నిజానికి అది ముందే వచ్చినట్టు.

అహేరి_కుర్రోడు
సార్, దండం. ఆ స్ఫటికంలో యాసిడ్ ఎంత, నీరు ఎంత?

సిరొంచ_మాస్టారు
ఒక నైట్రిక్ యాసిడ్ అణువుకు మూడు నీటి అణువులు. అందుకే ట్రైహైడ్రేట్ అంటారు. బరువు లెక్కలో 63 భాగాలు యాసిడ్, 54 భాగాలు నీరు, అంటే 54 శాతం దాకా యాసిడ్. ల్యాబ్‌లో ఉండే గాఢ నైట్రిక్ యాసిడ్ 68 శాతం. కాబట్టి ఆ కణం తక్కువదేమీ కాదు. ఇదే కూర్పుతో సీసాలో ద్రవం పోస్తే, మైనస్ 18 దాటగానే స్ఫటికం కావచ్చు.

మిర్చి_రైతు
మాస్టారూ, మాది ఆసరెల్లి వైపు. "నేలలోని బాక్టీరియా" అన్నారు కదా. మేం చేనుకి బస్తాల కొద్దీ యూరియా వేస్తాం. దాని నుంచి కూడా ఆ గ్యాస్ వస్తుందా? వస్తే ఆ ధ్రువాల మేఘాల్లో మా వాటా కూడా ఉన్నట్టేనా?

సిరొంచ_మాస్టారు
వస్తుంది. మొక్క తీసుకోగా మిగిలిన నైట్రోజన్‌ని బాక్టీరియా నమిలినప్పుడు కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా ఎగిరిపోతుంది. చేను తడిసి ఆరుతూ ఉంటే ఇంకా ఎక్కువ. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో అది వంద కోట్లకు 270 ప్రాంతంలో ఉండేది, ఇప్పుడు 335 దాటింది. పెరిగిన దాంట్లో పెద్ద వాటా వ్యవసాయానిదే. అలాగని నీ ఒక్క చేను మీద వేసుకోకు. ఇది ప్రపంచంలోని పొలాలన్నిటి లెక్క. ఒకేసారి కుమ్మరించకుండా దఫాలుగా వేస్తే గాలికి పోయేది తగ్గుతుంది, డబ్బులూ మిగులుతాయి.

నిజం_మాత్రమే
ఇదంతా కాదు. విమానాలు తెల్లటి గీతలు వదులుతున్నాయి చూడండి. అవే యాసిడ్. కావాలని చల్లుతున్నారు. ఎవరూ మాట్లాడరు.

బల్లార్షా_రైలు
అన్నా, నాగ్‌పూర్ మీదుగా పోయే విమానం ఆ గీతలు వదిలేది 10, 12 కిలోమీటర్ల దగ్గర. ఇంజిన్‌లోంచి వచ్చే నీటి ఆవిరి ఆ చలికి మంచు ముక్కలవుతుంది, అంతే. ఇక్కడ మాట్లాడేది దానికి రెట్టింపు ఎత్తు గురించి.

నిర్వాహకుడు
ఆ వాదన ఇక్కడితో ఆపుదాం. దానికి వేరే చర్చ ఉంది. తర్వాత వచ్చిన నాలుగు వ్యాఖ్యల్ని అక్కడికి మార్చాను.

లైడార్_పిచ్చి
నాది చంద్రపూర్. ప్రస్తుతం హైదరాబాద్‌లో పీహెచ్‌డీ, వాతావరణ కణాల మీదే. మాస్టారు చెప్పిన తూకం లెక్క కరెక్టే. కానీ అసలు కథ ఆ మైనస్ 78 దగ్గర మొదలవుతుంది, అయిపోదు. ఆ ఉష్ణోగ్రత "ఇక గడ్డకట్టవచ్చు" అని చెప్పేది మాత్రమే. గడ్డకట్టాయా లేదా అన్నది వేరే సంగతి. పరిశోధకుల్ని ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది ఆ వేరే సంగతే.

ఆ ఎత్తులో గాలి ఖాళీగా ఉండదు. సల్ఫ్యూరిక్ యాసిడ్, నీరు కలిసిన సన్నటి చుక్కలు ఎప్పుడూ తేలుతూ ఉంటాయి. క్రిస్టియన్ యుంగె 1960 ప్రాంతంలో బెలూన్లు పంపి కనుక్కున్నాడు కాబట్టి ఆ పొరకి ఆయన పేరే పెట్టారు. అగ్నిపర్వతాలు పేలినప్పుడు ఆ పొర ఒత్తుగా పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఒక్కో చుక్క మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదోవంతు సైజు, ఘన సెంటీమీటరుకి పది దాకా ఉంటాయి. చలి పెరిగే కొద్దీ ఈ చుక్కలు చుట్టూ ఉన్న నైట్రిక్ యాసిడ్‌ని, నీటిని తాగి ఉబ్బుతాయి. మైనస్ 81 దాటాక ఉబ్బడం బాగా తెలుస్తుంది. అప్పుడవి మూడు కలిసిన ద్రావణం అవుతాయి: సల్ఫ్యూరిక్, నైట్రిక్, నీరు. విచిత్రమేంటంటే, మైనస్ 78 దాటి ఇంకో ఏడెనిమిది డిగ్రీలు కిందికి వచ్చినా ఈ చుక్కల్లో అత్యధికం ద్రవంగానే ఉండిపోతాయి.

అహేరి_కుర్రోడు
ఎందుకలా? చలి ఉంది, యాసిడ్ ఉంది, నీరు ఉంది.

కిన్వట్_టీచరమ్మ
ఇది నేను క్లాసులో చేసి చూపించే ప్రయోగమే బాబూ. మూత తీయని మినరల్ వాటర్ సీసాని కదలకుండా ఫ్రీజర్‌లో రెండు మూడు గంటలు ఉంచు. సరిగ్గా కుదిరితే నీళ్లు మైనస్ ఐదో ఆరో అయి ఉంటాయి, అయినా నీళ్లలాగే ఉంటాయి. మెల్లగా బయటికి తీసి బల్ల మీద ఠపీమని కొట్టు. మూత దగ్గర తెల్లటి పువ్వులాంటిది పుట్టి, చూస్తుండగానే సూదులు సూదులుగా అడుగుదాకా పాకుతుంది. సీసా చేతిలో కొంచెం వెచ్చబడ్డట్టు కూడా తెలుస్తుంది, గడ్డకట్టేటప్పుడు వేడి బయటికి వస్తుంది కాబట్టి. మా పిల్లలైతే ప్రతిసారీ కేకలే.

ద్రవంలో అణువులు అటూ ఇటూ తిరుగుతుంటాయి. స్ఫటికం పుట్టాలంటే కొన్ని అణువులు ఒకేసారి సరైన వరసలో నిలబడాలి. అలా నిలబడ్డ చిన్న గుంపు ఒక సైజు దాటకపోతే మళ్లీ చెదిరిపోతుంది. నీటికి ఆ వరస కాస్త సులువు. ఈ ట్రైహైడ్రేట్ స్ఫటికంలో మాత్రం ఒక యాసిడ్‌కి మూడు నీళ్లు అని కచ్చితమైన అమరిక కావాలి. పైగా చుక్క అంత చిన్నది, అంత చలికి లోపల ద్రవం చిక్కబడి అణువుల కదలికే మందగిస్తుంది. వాటంతట అవి వరసలో నిలబడే అవకాశం చాలా తక్కువ. ఆధారం ఏదైనా ఉండాలి, దాన్ని పట్టుకుని మొదలవుతుంది.

బల్లార్షా_రైలు
టీచరమ్మా, ఆ సీసా ప్రయోగం ఇప్పుడే మొదలుపెట్టా. కరెంట్ పోకపోతే చెప్తా.

సిరొంచ_మాస్టారు
ఆ ఆధారం మంచే. ఇది తేలిపోయిన విషయం. చలి మైనస్ 85 దాటినప్పుడు ముందు నీటి మంచు పుడుతుంది, దాని మీద నైట్రిక్ యాసిడ్ ట్రైహైడ్రేట్ పేరుకుంటుంది. తర్వాత గాలి కాస్త వెచ్చబడితే మంచు ఆవిరైపోతుంది, ట్రైహైడ్రేట్ మిగిలిపోతుంది. అంత చలి కొండల వల్ల వస్తుంది. నార్వే, స్వీడన్ల మధ్య ఉన్న పర్వతాల మీదుగా గాలి ఎక్కి దిగేటప్పుడు పుట్టే అలలు 20 కిలోమీటర్ల దాకా పాకుతాయి. పైకి లేచిన గాలి వ్యాకోచించి పది డిగ్రీలకు పైగా చల్లబడగలదు. కిరునా పట్టణం మీద కనబడే ముత్యపు చిప్ప రంగుల మేఘాలు అలా పుట్టినవే.

జయపురం_వాడు
నమస్కారం. మేం ఒడిశా కొరాపుట్ వైపు. మా దేవమాలి కొండ 1672 మీటర్లు. గాలి దాని మీదుగా కూడా ఎక్కుతుంది కదా, మరి మాకెందుకు ఆ మేఘాలు రావు? ఇంకో మాట. మన మీద 17 కిలోమీటర్ల దగ్గర చలి మైనస్ 80 ఉంటుందని చదివాను. అంటే ధ్రువాలతో సమానం కదా?

లైడార్_పిచ్చి
జయపురం అన్నా, మంచి ప్రశ్న పట్టారు. మన మీద 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80 ఉంటుంది, నిజమే. భూమధ్యరేఖ దగ్గరి ప్రాంతాల్లో ట్రోపోస్ఫియర్, అంటే కింది గాలి పొర, పైకప్పు అంత ఎత్తున, అంత చల్లగా ఉంటుంది. కానీ ఆ చలి పలచటి పొర మాత్రమే. దాటి 20 కిలోమీటర్లకి వెళ్లేసరికి మళ్లీ వెచ్చబడుతుంది. పైగా ఆ పొరలో నైట్రిక్ యాసిడ్ ధ్రువాల దగ్గర ఉన్నంత ఉండదు. మాస్టారు చెప్పిన తూకం యాసిడ్ ఎంత ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. తక్కువ ఉంటే ఇంకా చల్లబడాలి. అలాగని పూర్తిగా లేవని కాదు, ఉష్ణమండలంలోనూ ఆ ఎత్తులో నైట్రిక్ యాసిడ్ ఉన్న కణాలు విమాన పరికరాలకు చిక్కాయి. కంటికి కనబడేంత మేఘం మాత్రం కాదు. కొండ అలలు మీ దేవమాలి మీద కూడా పుడతాయి, పైన గడ్డకట్టించడానికి సరుకు లేదంతే.

మాస్టారూ, మంచు సంగతికి వస్తున్నా. కొండ అలల దారి నిజమే, అంటార్కిటిక్ ద్వీపకల్పం మీద కూడా అది బాగా పనిచేస్తుంది. కానీ అదొక్కటే దారి అంటే ఒప్పుకోలేను. 2009 డిసెంబర్‌లో ఆర్కిటిక్ మీద ఏం జరిగిందో చూడండి. కాలిప్సో ఉపగ్రహం లేజర్‌తో చూసినప్పుడు గాలి ఇంకా మంచు పుట్టేంత చల్లబడనే లేదు, అయినా విశాలమైన ప్రాంతంలో ట్రైహైడ్రేట్ కణాలు కనబడ్డాయి. మంచు లేకుండా అవి ఎక్కడ పుట్టాయి?

సిరొంచ_మాస్టారు
లేజర్‌కి అది ఘనమో ద్రవమో ఎలా తెలిసింది? పొరబడి ఉండవచ్చు కదా.

లైడార్_పిచ్చి
తెలుస్తుంది సార్. లేజర్ కాంతి ఒకే దిశలో ఊగుతూ వెళుతుంది. గుండ్రటి ద్రవ చుక్కకి తగిలి వెనక్కి వస్తే ఆ ఊగే దిశ మారదు. వంకర టింకర స్ఫటికానికి తగిలితే దిశ తిరుగుతుంది. తిరిగిన కాంతి ఎంత వచ్చిందో కొలిస్తే ఘనమో ద్రవమో చెప్పవచ్చు. నేల మీంచి పైకి లేజర్ పంపి చూసే లైడార్లు కూడా ఇదే పద్ధతిలో మేఘాల్ని రకాలుగా విడగొట్టాయి.

ఆధారం ఏంటన్న దానికి ఇప్పుడు గట్టిగా నిలబడ్డ జవాబు ఉల్కల పొడి. రోజూ పదుల టన్నుల ఉల్కా పదార్థం భూమి మీద పడుతుంది. ఎక్కువ భాగం 80, 100 కిలోమీటర్ల మధ్య కాలి ఆవిరవుతుంది. ఆ ఆవిరిలోని ఇనుము, మెగ్నీషియం, సిలికాన్ మళ్లీ కలిసి నానోమీటర్ల సైజు రేణువులవుతాయి. చలికాలంలో ధ్రువం మీద గాలి సుడిలా తిరుగుతూ పైనుంచి కిందికి దిగుతుంది, ఈ రేణువుల్ని తనతోపాటు దించుతుంది. ఆ సుడి లోపలి చుక్కల్లో సగానికి పైగా వాటిలో కరగని రేణువు ఉన్నట్టు విమాన కొలతలు చూపించాయి.

సిరొంచ_మాస్టారు
అయితే ఇంకో మాట అడుగుతాను. సగానికి పైగా చుక్కల్లో రేణువు ఉంటే సగానికి పైగా గడ్డకట్టాలి. నువ్వే పైన అత్యధికం ద్రవంగానే ఉంటాయన్నావు. ఈ రెండూ ఎలా పొసుగుతాయి?

లైడార్_పిచ్చి
అక్కడే ఉంది సార్ మజా. రేణువు ఉంటే చాలదు, దాని ఉపరితలం మీద స్ఫటికం అమరికకు సరిపడే చోటు ఉండాలి. అలాంటి చోట్లు అరుదు. రేణువుకీ రేణువుకీ తేడా ఉంటుంది, కొన్ని కొద్ది చలికే పనిచేస్తాయి, చాలావాటిని ఎంత చలీ కదిలించదు. అందుకే మోడళ్లలో అన్ని రేణువుల్నీ ఒకే గాటన కట్టకుండా వాటి చురుకుదనాన్ని రకరకాలుగా పంచి లెక్క వేస్తారు.

అంకెల్లో చూడండి. చుక్కలు ఘన సెంటీమీటరుకి పది అన్నాను, అంటే ఘనమీటరుకి కోటి. 1999-2000 ఆర్కిటిక్ శీతాకాలంలో నాసా ఈఆర్-2 విమానం మొదటిసారి పెద్ద ట్రైహైడ్రేట్ కణాల్ని పట్టుకుంది. అవి ఘనమీటరుకి వంద. కోటికి వంద, అంటే లక్ష చుక్కలకి ఒక్క కణం.

అహేరి_కుర్రోడు
లక్షకి ఒకటి! అంత తక్కువైతే వాటితో పనేంటి? పైగా క్లోరిన్ చర్యలు ద్రవ చుక్కల మీద కూడా జరుగుతాయని చదివా. మరి గడ్డకట్టినా గడ్డకట్టకపోయినా ఓజోన్‌కి ఒకటే కదా?

లైడార్_పిచ్చి
తమ్ముడూ, ఇది సరైన ప్రశ్న. కాస్త ఓపిగ్గా చదువు.

క్లోరిన్ నైట్రేట్, హైడ్రోజన్ క్లోరైడ్ అని రెండు ఉంటాయి. ఇవి క్లోరిన్‌కి గోదాములు, వాటిలో ఉన్నంతసేపు క్లోరిన్ ఓజోన్ జోలికి పోదు. మేఘ కణం మీద ఈ రెండూ తగులుకుంటే క్లోరిన్ వాయువు బయటికి వస్తుంది, నైట్రిక్ యాసిడ్ కణంలోనే ఉండిపోతుంది. ధ్రువం మీద సూర్యుడు తిరిగి కనబడగానే ఆ క్లోరిన్ పరమాణువులుగా విడిపోయి ఓజోన్‌ని తినడం మొదలుపెడుతుంది. నువ్వు అన్నది నిజం, ఈ పని ద్రవ చుక్కల మీద కూడా బాగానే జరుగుతుంది.

తేడా వచ్చేది తర్వాత. వసంతంలో గాలి వెచ్చబడి కణాలన్నీ ఆవిరైతే, వాటిలోని నైట్రిక్ యాసిడ్ మళ్లీ గాలిలోకి వస్తుంది. సూర్యకాంతికి కొంత నైట్రోజన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. అది చురుకైన క్లోరిన్‌ని పట్టుకుని మళ్లీ క్లోరిన్ నైట్రేట్ గోదాములోకి తోసేస్తుంది, విధ్వంసం ఆగుతుంది. కానీ ఆ నైట్రిక్ యాసిడ్ అక్కడ లేకుండా పోతే? ఆపేవాళ్లుండరు.

అది లేకుండా చేసేది ఆ లక్షకొక్క కణమే. తక్కువ మంది ఉన్నారు కాబట్టి పోటీ లేదు, చుట్టూ ఉన్న యాసిడ్ ఆవిరంతా వాళ్లకే. ద్రవ చుక్కల్లో ఉన్నది కూడా ఆవిరై మెల్లగా ఈ ఘన కణాలకే చేరుతుంది, ఎందుకంటే ఆ చలిలో ఘనరూపం మీద ఆవిరి పీడనం తక్కువ, అంటే దాంట్లోంచి లేచిపోయే అణువులు తక్కువ. రోజుల తరబడి పెరిగి 10 నుంచి 20 మైక్రాన్ల వ్యాసం దాకా అవుతాయి. వాటికి పరిశోధకులు పెట్టిన పేరే "రాళ్లు".

ఇప్పుడు పడే వేగం లెక్క వెయ్. చిన్న గోళం ఎంత వేగంగా పడుతుందో చెప్పే స్టోక్స్ సూత్రం మీ సిలబస్‌లో ఉందిగా. 20 కిలోమీటర్ల ఎత్తులో గాలి పలచన కాబట్టి చిన్న సవరణ కలుపుకోవాలి. నాకు వచ్చింది: పదోవంతు మైక్రాన్ చుక్క రోజుకి కొన్ని మీటర్లు, 10 మైక్రాన్ల కణం అర కిలోమీటరు పైన, 20 మైక్రాన్లది రెండు కిలోమీటర్లకు పైగా. చిన్న చుక్క చలికాలమంతా పడ్డా ఉన్న పొర దాటదు. రాయి వారంలో కొన్ని కిలోమీటర్లు దిగి యాసిడ్‌ని కిందికి మోసుకుపోతుంది. కింద వెచ్చటి గాలిలో కరుగుతుంది. పై పొరకి ఆ నైట్రోజన్ ఇక తిరిగి రాదు.

సిరొంచ_మాస్టారు
బాగా చెప్పావు నాయనా. చరిత్ర కొంత నేను కలుపుతాను. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రం కొలతలతో ఓజోన్ రంధ్రం సంగతి బయటపెట్టారు. మరుసటి ఏడాదే పాల్ క్రట్జెన్, ఫ్రాంక్ ఆర్నాల్డ్ ఆ మేఘాల్లో నైట్రిక్ యాసిడ్ గడ్డకట్టి ఉంటుందని ప్రతిపాదించారు. అదే ఏడు సూసన్ సొలమన్ బృందం క్లోరిన్ చర్యలు మేఘ కణాల మీద జరుగుతాయని రాసింది. 1988లో హాన్సన్, మావర్స్‌బర్గర్ ల్యాబ్‌లో ట్రైహైడ్రేట్ ఆవిరి పీడనం కొలిచారు. నేను పైన చెప్పిన మైనస్ 78 ఆ కొలతల మీద నిలబడ్డదే. ఇన్ని జరిగినా, ఆకాశంలో ఉన్నది నిజంగా ట్రైహైడ్రేటేనా అన్నది 2000 జనవరి దాకా ఎవరూ నేరుగా చూపలేదు. కిరునా నుంచి పంపిన బెలూన్‌లోని మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువు కొలిచే పరికరం)తో క్రిస్టియానే ఫాయిట్ బృందం కణాల్ని తూచి, నీరు మూడు పాళ్లు, యాసిడ్ ఒక పాలు అని తేల్చింది. ఊహకీ రుజువుకీ మధ్య పద్నాలుగేళ్లు. క్రట్జెన్‌కి 1995లో మొలీనా, రోలండ్‌లతో కలిపి నోబెల్ వచ్చేసింది కూడా.

బల్లార్షా_రైలు
ఉల్కల పొడి అన్నారు కదా, ఒకటి గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 2, ఉగాది సాయంత్రం. ఆకాశంలో నిప్పుల వరస పోయింది, మేమంతా రోడ్డు మీదికొచ్చి చూశాం. తెల్లారి తెలిసింది, సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ ఊళ్లో పెద్ద లోహపు రింగు పడిందని. చైనా రాకెట్ ముక్క అన్నారు. ఆ కాలిపోయిన భాగం కూడా ఉల్కల పొడిలాగే పైన ఉండిపోతుందా?

లైడార్_పిచ్చి
ఉండిపోతుంది. నేను కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నా, మేడ మీంచి చూశా. రింగు, గోళాలు దిగాయి గానీ ఆ రాకెట్ దశలో చాలా అల్యూమినియం పైనే ఆవిరై ఉంటుంది.

2023లో మర్ఫీ బృందం అలాస్కా నుంచి విమానంలో వెళ్లి స్ట్రాటోస్ఫియర్ కణాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించింది. సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కల్లో, 0.12 మైక్రాన్ దాటిన వాటిలో, దాదాపు పది శాతంలో రాకెట్లు, ఉపగ్రహాలు కాలగా వచ్చిన అల్యూమినియం, ఇతర లోహాలు కనబడ్డాయి. లిథియం, రాగి లాంటివి ఉల్కల్లో ఉండే నిష్పత్తికి మించి ఉండటంతో మనిషి చేసిన సరుకని గుర్తుపట్టారు. వేల ఉపగ్రహాలు వరసగా పంపుతున్నాం, అవన్నీ ఏదో ఒక రోజు కాలేవే. ఈ కొత్త లోహపు రేణువుల మీద ట్రైహైడ్రేట్ సులువుగా మొదలవుతుందా అన్నది ఇప్పుడు ల్యాబుల్లో నడుస్తున్న పని. నా అభిప్రాయం అడిగితే, లక్షకొకటి ఉన్నచోట లక్షకు పది అయినా కథ మారిపోతుంది. ఎటు మారుతుందో మాత్రం తిన్నగా చెప్పలేం. ఎక్కువ కణాలు పుడితే యాసిడ్ అందరికీ పంపకమై ఒక్కొక్కటి చిన్నగా ఉండిపోవచ్చు, అప్పుడు అవి అంతగా పడవు.

మిర్చి_రైతు
మొత్తం అర్థం కాలేదు గానీ, తక్కువ మంది ఉంటే తలా ఎక్కువ వాటా అన్నది మాత్రం ఎక్కింది. వరి మడిలో నారు పలచగా నాటినా అంతే కదా.

కిన్వట్_టీచరమ్మ
మన దగ్గరే జరిగే పని ఒకటి చెప్తాను. హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి రాత్రివేళ పెద్ద పాలిథిన్ బెలూన్లు 30 కిలోమీటర్ల పైకి పంపుతారు. పరికరాల పెట్టె రంగు పారాచూట్‌తో దిగుతుంది, మా నాందేడ్, యవత్మాల్, చంద్రపూర్ జిల్లాల్లో కూడా పడొచ్చని ముందే ప్రకటన ఇస్తారు. పెట్టె మీద చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. దొరికితే విప్పకుండా పోలీసులకి చెప్పాలి. మా ఊళ్లో మాత్రం ఒకసారి ఏదో బాంబని పుకారు పుట్టి సంత ఖాళీ అయింది, చివరికి చూస్తే పెళ్లి డెకరేషన్ గాలిబుడగ.

లైడార్_పిచ్చి
ఆ బెలూన్లే ఇక్కడ పనికొచ్చాయి అక్కా. 2014 నుంచి నాసా, ఇస్రో కలిసి హైదరాబాద్, గాదంకి లాంటి చోట్ల నుంచి బెలూన్లు పంపి, వానాకాలంలో 13 నుంచి 18 కిలోమీటర్ల మధ్య ఏర్పడే కణాల పొరని చూశారు. దాంట్లో నైట్రేట్ దొరికింది. 2017లో ఖాట్మండు నుంచి ఎగిరిన పరిశోధన విమానం ఇంకా స్పష్టంగా చూపింది, అమ్మోనియం నైట్రేట్ అని. పొలాల్లో, పశువుల కొట్టాల్లో పుట్టిన అమ్మోనియా రుతుపవనాల మేఘాలతో పైకి వెళ్లి అక్కడి నైట్రిక్ యాసిడ్‌తో కలిసి ఘన కణమవుతోంది. రైతన్నా, మీ యూరియా నైట్రస్ ఆక్సైడ్ రూపంలో అయితే పైకి చేరడానికి ఏళ్లు పడుతుంది. అమ్మోనియా రూపంలో అయితే ఒక్క ఉరుముల మేఘం చాలు.

జయపురం_వాడు
అయితే దక్షిణ ధ్రువం మీద ప్రతి ఏడూ రంధ్రం వస్తుంది, ఉత్తరాన ఎప్పుడో ఒకసారే. అక్కడి రేణువులు వేరా?

సిరొంచ_మాస్టారు
రేణువులు కాదు, చలి. అంటార్కిటికా చుట్టూ సముద్రమే, సుడి గట్టిగా, గుండ్రంగా నెలల తరబడి నిలుస్తుంది, మైనస్ 85 కంటే కిందికి ఏటా దిగుతుంది. ఉత్తరాన కొండలు, ఖండాలు ఆ సుడిని కుదిపేస్తాయి, చలి తెగిపోతూ ఉంటుంది. 2011, 2020 వసంతాల్లో మాత్రం ఉత్తరాన కూడా సుడి చెదరలేదు, ఓజోన్ బాగా పోయింది. క్లోరిన్ మాత్రం ఓజోన్‌ని తినే రసాయనాల్ని అరికట్టిన 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా తగ్గుతోంది.

కిన్వట్_టీచరమ్మ
2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రంలో పేలిన అగ్నిపర్వతం దాదాపు 15 కోట్ల టన్నుల నీటిని స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎగజిమ్మింది. నీరు ఎక్కువైతే తూకం కూడా మారి కొంచెం తక్కువ చలికే ఈ కణాలు నిలబడతాయి. అది కూడా నోట్సులో రాసుకో బాబూ.

అహేరి_కుర్రోడు
రాసుకున్నా మేడమ్. లైడార్ అన్నా, స్టోక్స్ లెక్క నేనూ వేశాను. 10 మైక్రాన్లకి రోజుకి 540 మీటర్లు వచ్చింది. మీకు అర కిలోమీటరు పైన అన్నారు, సవరణ కలిపితే ఎంత?

లైడార్_పిచ్చి
సరిగ్గా వేశావు. ఆ ఎత్తులో గాలి అణువు ఒకదాన్నొకటి గుద్దుకునే ముందు పోయే దూరం మైక్రాన్ దాకా ఉంటుంది. కణం వ్యాసార్థం ఐదు మైక్రాన్లు. కాబట్టి వేగం సుమారు పాతిక శాతం పెరిగి 670 మీటర్ల దగ్గరికి వస్తుంది. చిన్న చుక్కకి ఇదే సవరణ పది రెట్లకు పైన ఉంటుంది, అది మర్చిపోకు. కాలిప్సో 2006 నుంచి 2023 దాకా కొలిచిన డేటా నాసా సైట్‌లో ఉచితం, ఖాతా తెరిస్తే చాలు. 2009 డిసెంబర్ ఫైళ్లు తీసుకో, ధ్రువ మేఘాలకి విడిగా ఒక ఫైలు ఉంటుంది. ఆదివారం కాల్ చెయ్, తెరవడం చూపిస్తా.

బల్లార్షా_రైలు
ఆ ఫైలు ఫోన్‌లో తెరుచుకుంటుందా? ఇంకోటి, సీసా గడ్డకట్టలేదు టీచరమ్మా, కరెంట్ పోయింది.

లైడార్_పిచ్చి
ఫోన్‌లో కాదన్నా, లాప్‌టాప్ ఉండాలి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వేసుకోవాలి. సైజు కూడా పెద్దదే, వైఫై దగ్గర దింపుకోండి.

కిన్వట్_టీచరమ్మ
ఇన్వర్టర్ మీద ఫ్రీజర్ పెట్టకండి, ట్రిప్ అవుతుంది. తెల్లవారుజామున వేసి చూడండి, వోల్టేజ్ బాగుంటుంది.